నల్లరేగడి మీద రోడ్డు నిలవాలంటే: సున్నం, బూడిదతో పునాది గట్టిచేసే పద్ధతి

మే నెలలో పల్నాడు పొలాల్లో నడిస్తే నెర్రెల్లో చేతికర్ర మూరెడు లోతు దిగిపోతుంది. అదే చేలో ఆగస్టులో ట్రాక్టరు ఇరుసు దాకా కూరుకుపోతుంది. పత్తి రైతు ఈ నేలను కళ్లకద్దుకుంటాడు, రోడ్డు వేసేవాడు తల పట్టుకుంటాడు. నల్లరేగడి మీద నేరుగా కంకర పరచి తారు పోస్తే, రెండు వానాకాలాలు తిరిగేసరికి రోడ్డు అలలు తేలుతుంది, అంచులు చీలుతాయి, కంకర మట్టిలోకి దిగబడిపోతుంది. మళ్లీ పైన ఇంకో పొర పోస్తారు. అదీ దిగుతుంది.

పాత పరిష్కారం మట్టిని తవ్వి పారేసి మొరం తెచ్చి నింపడం. మొరం క్వారీలు దూరమైపోతున్నాయి, గుట్టలు కరిగిపోతున్నాయి. మరోవైపు థర్మల్ కేంద్రాల దగ్గర బూడిద, రైసు మిల్లుల వెనక ఊక బూడిద, ఉక్కు కర్మాగారంలో చిట్టెం గుట్టలుగా పడి ఉన్నాయి. వీటిలో పనికొచ్చేదాన్ని సున్నంతో కలిపి, ఉన్న రేగడినే రోడ్డు పునాదిగా మార్చే విధానాన్ని వరుసగా చెబుతాను. లెక్కలకు ఒక మామూలు పల్లె రోడ్డును తీసుకుందాం: తారు వెడల్పు 3.75 మీటర్లు, బెర్ములతో (తారుకు రెండు పక్కలా ఉండే మట్టి అంచులు) కలిపి మొత్తం వెడల్పు 7.5 మీటర్లు, గట్టిచేయాల్సిన సబ్‌గ్రేడ్ (రోడ్డు పొరలన్నిటికీ కింద ఉండే నేల) మందం 300 మి.మీ. దాన్ని 150 మి.మీ. చొప్పున రెండు పొరలుగా వేస్తాం.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఈ పనికి కావాల్సింది వ్యర్థాన్ని వదిలించుకునే తొందర కాదు, మట్టి గుణాన్ని మార్చే ఉద్దేశం. "ఊరికే వస్తోంది కదా, రోడ్డు కింద పోసేద్దాం" అన్న ఆలోచనతో చేసిన రోడ్లను చూశాను. అవి రోడ్ల వేషంలో ఉన్న చెత్తకుప్పలు.

రేగడి ఎందుకిలా చేస్తుంది

నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఎక్కువ. దాని కణాలు పేకముక్కల్లా పల్చటి పొరలుగా ఉంటాయి. పొరల మధ్యకు నీరు దూరితే ముక్కలు ఎడమవుతాయి, మట్టి ఉబ్బుతుంది. ఎండితే దగ్గరవుతాయి, నెర్రెలు పడతాయి. తడిసినప్పుడు బలం దాదాపు పోతుంది. నాలుగు రోజులు నీటిలో నానబెట్టి, బరువుకు ఎంత తట్టుకుంటుందో శాతంలో చూసే సీబీఆర్ పరీక్షలో ఈ మట్టికి సాధారణంగా 2 నుంచి 4 మధ్యే వస్తుంది, ఒక్కోసారి 2 కూడా దాటదు.

సున్నం ఇందులో రెండు పనులు చేస్తుంది. మొదటిది గంటల్లోనే మొదలవుతుంది. కాల్షియం అయాన్లు మట్టి పొరలను పట్టుకుని ఉన్న సోడియం వంటివాటిని తోసేసి ఆ చోట కూర్చుంటాయి. జిగురు ముద్ద పొడిపొడి పలుకులుగా విడిపోతుంది. రెండోది నెమ్మదిగా, వారాలు నెలల పాటు సాగుతుంది. సున్నం తెచ్చిన గాఢమైన క్షారంలో మట్టిలోని, బూడిదలోని సిలికా, అల్యూమినా కరిగి, సున్నంతో కలిసి సిమెంటులో ఉండేలాంటి బంధాన్ని కడతాయి. మొదటి పని మట్టిని లొంగదీస్తుంది, రెండోది గట్టిపరుస్తుంది. రెండింటికీ సున్నమే పెద్ద, బూడిద దానికి తోడు మాత్రమే. మన దేశపు బొగ్గు నుంచి వచ్చే బూడిదలో సొంత సున్నం చాలా తక్కువ కాబట్టి దాన్ని ఒంటరిగా కలిపితే జిగురు కొంత తగ్గుతుందే తప్ప గట్టి బంధం ఏర్పడదు. నైవేలీ లిగ్నైట్ బూడిద దీనికి మినహాయింపు. అందులో సున్నం పాలు ఎక్కువ.

1. మట్టిని తెలుసుకోండి

కిలోమీటరుకు కనీసం 3 చోట్ల, మట్టి రంగు మారినచోటల్లా, కల్వర్టుల దగ్గర విడిగా నమూనాలు తీయండి. పైన వేళ్లు, పేడ, గడ్డి ఉన్న జానెడు మట్టిని పక్కకు లాగేసి, దాని కింద అర మీటరు నుంచి మీటరు లోతు వరకు ఉన్నది తీసుకోవాలి. ప్రతి సంచిమీద చెయినేజీ (రోడ్డు మొదలు నుంచి దూరం), లోతు రాయండి. ఇది చిన్న పనే, కానీ నమూనాలు కలిసిపోయి మొత్తం డిజైను తిరగబడిన సందర్భాలున్నాయి.

ల్యాబ్‌లో చేయించాల్సినవి: ద్రవ, ప్లాస్టిక్ పరిమితులు (మట్టి ఏ తేమ దగ్గర జారుతుందో, ఏ తేమ దగ్గర ముద్ద కడుతుందో), ప్రాక్టర్ సాంద్రత (ఎంత నీటితో దిమ్మిస్తే మట్టి గరిష్ఠంగా గట్టిపడుతుందో), నానబెట్టిన సీబీఆర్, ఫ్రీ స్వెల్ ఇండెక్స్ (ఉబ్బు సూచిక), సేంద్రియ పదార్థం, సల్ఫేటు. ఇవన్నీ మట్టి పరీక్షల భారత ప్రమాణం ఐఎస్ 2720లో వేర్వేరు భాగాలుగా ఉన్నాయి. చాలామంది చివరి రెండూ వదిలేస్తారు. అదే అసలు పొరపాటు. సేంద్రియ పదార్థం 2 శాతం దాటితే అది సున్నాన్ని మింగేస్తుంది. సల్ఫేటు 0.2 శాతం దాటితే ఇంకా ప్రమాదం. సున్నం, మట్టిలోని అల్యూమినా, సల్ఫేటు, నీరు కలిసి ఎట్రింజైట్ అనే సూదిలాంటి స్ఫటికాలు పెరిగి, గట్టిపడిన పొరనే పైకి లేపుతాయి. ఉబ్బకుండా చేయడానికి వేసిన మందే ఉబ్బిస్తుంది. రేగడిలో ఎక్కడైనా తెల్లటి మెరుపు సూదులు, జిప్సం పలుకులు కనిపిస్తే ఆ ముక్కను విడిగా పరీక్షించకుండా ముందుకు కదలవద్దు.

ఫ్రీ స్వెల్ పరీక్షను సైటు గదిలోనే చేసుకోవచ్చు. మట్టిని ఎండబెట్టి, దంచి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టి, 10 గ్రాముల చొప్పున రెండు 100 మి.లీ. కొలపాత్రల్లో వేయండి. ఒకదాంట్లో కిరోసిను, రెండోదాంట్లో స్వేదన జలం పోయండి. గాలి బుడగలు పోయేలా గాజు కడ్డీతో కలిపి 24 గంటలు కదపకుండా ఉంచండి. కిరోసినులో రేగడి ఉబ్బదు, అడుగున బుద్ధిగా కూర్చుంటుంది. నీటిలోది మేఘంలా పైకి పెరుగుతుంది. నీటిలోని ఘనపరిమాణం నుంచి కిరోసినులోనిది తీసేసి, కిరోసినుదానితో భాగించి, 100తో గుణించాలి. కిరోసినులో 10 మి.లీ., నీటిలో 18 మి.లీ. ఉంటే సూచిక 80. 50 దాటితే దాన్ని రోడ్డు కింద యథాతథంగా వాడకూడని మట్టిగానే చూడాలి. ఊరి పెద్దలకు, కాంట్రాక్టరుకు పక్కపక్కన ఆ రెండు పాత్రలను చూపిస్తే వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

2. ఏ వ్యర్థం, దేనికి

ఫ్లై యాష్: పొగగొట్టం దగ్గర పొడిగా పట్టే సన్నటి బూడిద. పల్నాడు రోడ్డుకైతే దగ్గరి వనరు ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం. తెలంగాణలో రామగుండం, పాల్వంచ, ఉత్తరాంధ్రలో పరవాడ దగ్గరి సింహాద్రి, రాయలసీమలో ముద్దనూరు ఉన్నాయి. కాలని బొగ్గు 5 శాతం లోపు ఉన్న సన్నటి బూడిదే తీసుకోండి. చెరువులో నిల్వచేసిన బూడిద వేరు. అది ముతకగా, నీళ్లతో ఉంటుంది, చురుకు తక్కువ. కరకట్టకు, లోతు నింపడానికి అది చాలు, సున్నంతో కట్టుబడే పొరకు మాత్రం పొడి ఫ్లై యాషే అడగండి. బాయిలరు అడుగున పడే ముతక బూడిదను ఇసుక జాతిలోనే లెక్కవేయాలి.

గ్రౌండ్ స్లాగ్: కరిగిన ఇనుము మీద తేలే చిట్టెంను నీటితో ఒక్కసారిగా చల్లార్చి, సిమెంటులా మెత్తగా నూరితే వచ్చేది. విశాఖ చుట్టుపక్కల దొరుకుతుంది. సున్నం దీన్ని నిద్ర లేపాలి, లేకపోతే మందకొడిగా ఉంటుంది. సల్ఫేటు ఉన్న మట్టిలో సున్నంలో ఎక్కువ భాగాన్ని తగ్గించి స్లాగ్ వాడటం మంచి మార్గం, ఉబ్బు బాగా అదుపులో ఉంటుంది. ధర మాత్రం బూడిద కంటే ఎక్కువ. సిమెంటు కంపెనీలు ఎగబడి కొనే సరుకిది, వ్యర్థం అనడానికే నోరు రాదు.

ఊక బూడిద: మిర్యాలగూడ, గోదావరి జిల్లాల మిల్లుల వెనక చూడండి. సరిగా కాలితే 85 నుంచి 90 శాతం సిలికా. బూడిదరంగు తెలుపులో ఉన్నది మేలు, నల్లగా ఉన్నదానిలో బొగ్గు ఎక్కువ. మరీ ఎక్కువ వేడిలో కాలినా సిలికా స్ఫటికమై చురుకు పోతుంది, అంటే రంగు చూసి నమ్మడానికీ హద్దుంది. దూదిలా తేలిక, లారీలో నిండుగా కనిపించినా తూకం రాదు, గాలికి ఊరంతా లేస్తుంది. చిన్న రోడ్లకు, మిల్లు దగ్గరున్నప్పుడు పనికొస్తుంది.

కార్బైడ్ బురద: గ్యాస్ వెల్డింగుకు ఎసిటిలీన్ తయారుచేసే చోట మిగిలే తెల్లటి ముద్ద. ఇది నిజంగా సున్నమే. ఖరీదైన సున్నంలో కొంత భాగం దీనితో తీరుతుంది. కొత్త బురదలో ఎసిటిలీన్ మిగిలి ఉండొచ్చు కాబట్టి నిప్పుకు దూరంగా ఆరబెట్టాలి. తడి ఎంతుందో చూసి, ఆ మేరకు తూకం సరిచేయాలి.

రాతి మిల్లుల బురద దగ్గర చాలామంది మోసపోతారు. బేతంచెర్ల, తాడిపత్రి వైపు పాలిషు మిల్లుల నుంచి వచ్చే తెల్లటి బురదను "సున్నపురాయే కదా" అంటూ సున్నం బదులు కలుపుతారు. సున్నపురాయి కాల్షియం కార్బొనేటు, బట్టీలో కాలిస్తేనే సున్నం అవుతుంది. కాల్చని రాతిపొడి మట్టిలో జిగురును కొంచెం పలచన చేస్తుంది, అంతకుమించి రసాయనం నడపదు. చీమకుర్తి గ్రానైటు పొడికీ ఇదే మాట.

కూల్చిన కట్టడాల కంకరకు హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడలో శుద్ధి కేంద్రాలున్నాయి. దాన్ని మట్టిని కట్టే బంధంగా కాక పైన కప్పే గట్టి పొరగా వాడుకోవాలి. ఫాల్స్ సీలింగ్ జిప్సం ముక్కలు కలిసి వస్తే సల్ఫేటు వచ్చినట్లే, ఏరించండి. ఎరువుల కర్మాగారాల ఫాస్ఫోజిప్సం ఈ పద్ధతిలో నాకు పడదు, కారణం పైనే చెప్పాను.

ఈ మార్గదర్శిలో ముందుకు పోవడానికి పొడి ఫ్లై యాష్, పిడుగురాళ్ల సున్నం జతను ఎంచుకుంటున్నాను. రెండూ ఆ నేలకు దగ్గర. సున్నపు బట్టీల వల్లే పిడుగురాళ్లకు సున్నపు పట్టణమన్న పేరు వచ్చింది.

3. ల్యాబ్‌లో పాళ్లు తేల్చడం

మొదట సున్నం ఎంత కావాలో చూడాలి. 425 మైక్రాన్ల జల్లెడ దిగిన 25 గ్రాముల పొడి మట్టిని అయిదు సీసాల్లో వేసి, 2, 3, 4, 5, 6 శాతం తడిపిన పొడి సున్నం కలిపి, ఒక్కోదానిలో 100 మి.లీ. స్వేదన జలం పోయండి. గంటసేపు, పది నిమిషాలకోసారి అర నిమిషం చొప్పున కుదపండి. తర్వాత పీహెచ్ చూడండి. 12.4కు చేరిన అతి తక్కువ శాతమే ఆ మట్టికి కావాల్సిన సున్నం. ఒక చిక్కు చెబుతాను. 12.4 అన్నది 25 డిగ్రీల దగ్గర లెక్క. వేడి పెరిగే కొద్దీ సున్నపు నీటి పీహెచ్ దిగుతుంది. 35 డిగ్రీల గదిలో కూర్చుని 12.4 కోసం ఎదురుచూస్తూ సున్నం పెంచుకుంటూ పోయినవాళ్లున్నారు. అందుకే ఆరో సీసాలో మట్టి లేకుండా, అడుగున మిగిలేంత సున్నం వేసిన నీరు ఉంచండి. మీ గదిలో మీ మీటరు ఆ సీసాకు ఎంత చూపితే అదే గమ్యం.

రేగడికి సాధారణంగా 3 నుంచి 6 శాతం మధ్య తేలుతుంది. ఆ అంకె చుట్టూ మిశ్రమాలు చేయండి: సున్నం 3, 4, 5 శాతం, ప్రతిదానికీ బూడిద 0, 10, 15, 20 శాతం. బూడిద లేని వరుసను వదలవద్దు. కొన్ని రేగళ్లలో సున్నం ఒక్కటే సరిపోతుంది, అప్పుడు పదుల లారీల బూడిద రవాణా దండగ. బూడిద ఏ మేరకు మేలు చేసిందో ఆ వరుసే చెబుతుంది.

ప్రతి మిశ్రమానికీ ప్రాక్టర్ కొత్తగా చేయాలి. సున్నం, బూడిద కలిస్తే గరిష్ఠ సాంద్రత తగ్గి, కావాల్సిన నీరు పెరుగుతుంది. పాత మట్టి అంకెలతో సైటులో సాంద్రత కొలిస్తే తప్పుడు ఫలితమే. ఇంకొకటి, కలిపిన వెంటనే కాకుండా 3 గంటలు ఆగి కూడా ఒక ప్రాక్టర్ చేయండి. సైటులో కలపడానికి, రోలరు నడపడానికి మధ్య ఎంత జాప్యం భరించగలరో అప్పుడే తెలుస్తుంది.

సీబీఆర్ దిమ్మెలను ప్లాస్టిక్ సంచిలో మూసి 7 రోజులు ఆరకుండా ఉంచి, తర్వాత 4 రోజులు నానబెట్టాలి. నానేటప్పుడు ఉబ్బు ఎంతో డయల్ గేజి మీద రాయండి. నా దృష్టిలో సీబీఆర్ కంటే ఉబ్బు అంకే ముఖ్యం. కొన్ని మిశ్రమాలు సీబీఆర్‌లో అద్భుతంగా కనిపిస్తాయి, డిజైనరు ఆ అంకెను నేరుగా వాడి పైపొరలు పల్చన చేస్తే మాత్రం తప్పు. 300 మి.మీ. కింద మెత్తటి రేగడి అలాగే ఉంది. అందుకే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) మార్గదర్శకం ఐఆర్‌సీ:37లో పై, కింది నేలలను కలిపి చూసే ఎఫెక్టివ్ సీబీఆర్ పెట్టారు. పల్లె రోడ్ల మందాలకు ఐఆర్‌సీ:ఎస్‌పీ:72, స్థిరీకరణ పద్ధతికి ఐఆర్‌సీ:ఎస్‌పీ:89, సున్నానికి ఐఆర్‌సీ:51 దగ్గర పెట్టుకోండి.

4. తూకాల లెక్క

ల్యాబ్‌లో 4 శాతం సున్నం, 12 శాతం బూడిద, 84 శాతం మట్టి తేలాయనుకుందాం. మిశ్రమం పొడి సాంద్రత ఘనమీటరుకు 1,550 కిలోలు, కావాల్సిన నీరు 22 శాతం.

చదరపు మీటరుకు 150 మి.మీ. పొరలో 0.15 ఘనమీటర్లు, అంటే 232.5 కిలోలు. అందులో సున్నం 9.3 కిలోలు, బూడిద 27.9 కిలోలు, మట్టి 195.3 కిలోలు. నేలలో మట్టి సహజ సాంద్రత 1,400 అయితే 140 మి.మీ. లోతు దున్నితే చాలు. 150 దున్నితే మట్టి ఎక్కువై పాళ్లు పలచబడతాయి. ట్రాక్టరు డ్రైవరు చేతిలో ఈ 10 మి.మీ. తేలిగ్గా తప్పిపోతుంది, అందుకే మొదటి రోజు ప్రతి 20 మీటర్లకూ మీరే కొలవండి.

25 కిలోల సున్నం బస్తా దాదాపు 2.7 చదరపు మీటర్లకు వస్తుంది. 7.5 మీటర్ల వెడల్పులో అడ్డంగా 1.5 మీటర్లకొకటి చొప్పున 5 బస్తాలు, నిలువుగా 1.8 మీటర్లకొక వరుస. ముగ్గుతో గళ్లు గీసి, గడికో బస్తా పెట్టించండి. కంటి అంచనాతో చల్లే మేస్త్రీ ఎంత అనుభవజ్ఞుడైనా సరే, గళ్లు గీయాల్సిందే.

100 మీటర్ల ముక్కకు, అంటే 750 చదరపు మీటర్లకు, పొడి బూడిద దాదాపు 21 టన్నులు. దుమ్ము లేవకుండా 15 శాతం తడిపి తెస్తే లారీ తూకం 24 టన్నులు చూపుతుంది. తడి లెక్క మరిచి 21 టన్నులే దించుకుంటే బూడిద 12కి బదులు పదిన్నర శాతమే పడినట్లు. ఇక నీరు: కావాల్సినది చదరపు మీటరుకు 51 లీటర్లు, మట్టిలో ముందే 12 శాతం తేమ ఉంటే అందులో 23 లీటర్లు ఉన్నట్లే. మిగతా 28 లీటర్ల చొప్పున ముక్కకు 21,000 లీటర్లు. ఎండకు ఆవిరయ్యేది కలిపి 5,000 లీటర్ల ట్యాంకర్లు అయిదు సిద్ధం చేసుకోండి.

గుల్లసున్నం వాడితే తూకం నాలుగింట మూడు వంతులే చాలు, నీరు మాత్రం అదనం. 100 కిలోల గుల్ల విరియడానికే 32 లీటర్లు తాగుతుంది. బురదగా ఉన్న నేలను ఆరబెట్టడానికి అది బాగుంటుంది, కానీ కంటిలో పడితే చూపుకే ముప్పు. కొత్త కూలీలున్న చోట తడిపిన పొడి సున్నమే వాడండి. ఏదైనా కళ్లద్దాలు, చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. కంట్లో పడితే వెంటనే ధారాళంగా నీటితో కడిగి ఆస్పత్రికి తీసుకుపోవాలి.

సున్నం పాతదా అని చూడటం తేలిక. చిటికెడు పొడి మీద పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయండి. బుసబుసమని పొంగితే అది గాలి తగిలి మళ్లీ సున్నపురాయిగా మారిపోయిన సరుకు, వెనక్కి పంపండి.

5. కలపడం

పని గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. మా మొదటి ముక్కలో ల్యాబ్ సీబీఆర్ రెండంకెల్లో ఉంది, రోడ్డు మీద మాత్రం వాన తర్వాత టిప్పరు చక్రం దిగింది. కారణం తెలియక గుంట తవ్వాం. పిడికిలంత గడ్డ ఒకటి తీసి చాకుతో రెండుగా కోశాను. పైన వేలి మందాన బూడిదరంగు, లోపల నిగనిగలాడే నల్లటి ముద్ద. క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే అంచు చుట్టూ గులాబీ గాజు తొడిగినట్లు రంగు వచ్చింది, మధ్యలో నలుపు నలుపుగానే ఉంది. సున్నం గడ్డ చుట్టూ తిరిగిందే తప్ప లోపలికి పోలేదు. ఆ రోజు రోటవేటరు ఒక్క చాలే నడిపారు, బిల్లులో మాత్రం నాలుగు చాళ్లు ఉన్నాయి.

అందుకే వరుస ఇలా పెట్టుకోండి. పైమట్టి, వేళ్లు తీసి, నేలను ఒక వాలుకు తెచ్చాక నాగలితో దున్ని, గడ్డలు ఆరనివ్వాలి. రేగడి మరీ తడిగా ఉన్నా, మరీ ఎండినా పగలదు. చేత్తో నలిపితే పలుకులయ్యే పదునులో రోటవేటరు దింపాలి. సగం సున్నం చల్లి, కలిపి, నీరు కొట్టి, రోలరు ఒకసారి తేలిగ్గా తిప్పి 24 నుంచి 48 గంటలు వదిలేయండి. ఈ విరామాన్ని కాంట్రాక్టర్లు "పని ఆగింది" అని రాస్తారు. నిజానికి అప్పుడే మట్టిలో పని మొదలవుతుంది. తిరిగి వచ్చేసరికి ముద్దలు ఇగిరి, ముట్టుకుంటే రవ్వలా రాలుతుంది.

ఇప్పుడు బూడిద, మిగతా సున్నం పరచి, పొడిగా రెండు చాళ్లు, నీరు కొడుతూ మరో రెండు మూడు చాళ్లు. 25 మి.మీ. జల్లెడలో అంతా దిగాలి, 4.75 మి.మీ.లో కనీసం 60 శాతం దిగాలి. రాళ్లుంటే వాటిని లెక్క నుంచి తీసేయండి. ఆపై 50 మీటర్లకొక చోట చిన్న గుంట తవ్వి, గోడకు ఫినాఫ్తలీన్ చల్లండి. పై నుంచి పూర్తి లోతు దాకా ఒకే గులాబీ రంగు రావాలి. నలుపు చారలు కనిపిస్తే మళ్లీ రోటవేటరు. ఈ ద్రావణం సున్నం ఉందని చెబుతుందే కానీ ఎంత ఉందో చెప్పదు, కాబట్టి బస్తాల లెక్క బస్తాలదే.

గాలి జోరుగా ఉన్న మధ్యాహ్నం బూడిద పరచవద్దు. పక్కన మిరప ఆరబోసిన కళ్లాలుంటే ముందు రైతులకు చెప్పండి.

6. రోలరు, ఆ తర్వాత తడి

చివరి కలుపుడు అయ్యాక 3 గంటల్లో రోలింగు పూర్తవ్వాలి. ముందు గొర్రె డెక్కల రోలరు, డెక్కలు పైకి తేలే దాకా. తర్వాత గ్రేడరుతో వాలు సరిచేసి, 8 నుంచి 10 టన్నుల నున్నటి రోలరు, అంచుల నుంచి మధ్యకు. పల్చగా మట్టి చల్లి గుంటలు పూడ్చడం వద్దు, ఆ పెచ్చులు తర్వాత లేచిపోతాయి. తేమ ప్రాక్టర్‌లో తేలిన అంకె కంటే ఒక శాతం ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువ ఉంటే మాత్రం సున్నానికి చర్య జరపడానికి నీరు మిగలదు. సాంద్రతను ఇసుక పోసే పద్ధతిలో చూడండి. లక్ష్యం మిశ్రమపు ప్రాక్టర్ సాంద్రతలో 100 శాతం.

తర్వాత 7 రోజులు పొర ఆరకూడదు. పొద్దున, సాయంత్రం సన్నటి తుంపర, లేదా తడి గోనెలు. ధారగా కొడితే సున్నం కొట్టుకుపోతుంది. ఈ వారంలో బండి ఎక్కనీయవద్దు. చెప్పినంత సులువు కాదు, పొలాలకు అదే దారి కదా. పక్కన తాత్కాలిక బాట లేకుండా పని మొదలుపెడితే మూడో రోజే ట్రాక్టర్లు ఎక్కుతాయి. రెండో పొర వేసే ముందు కింది పొర పైభాగాన్ని గీకి తడపండి.

పని జనవరి నుంచి మే లోపు ముగిసేలా చూసుకోవాలి. ఈ బంధానికి వేడి మంచిది, గట్టిపడటం వేగవంతమవుతుంది, కానీ తడి కాపాడటం కష్టమవుతుంది. తొలకరి పడేలోగా పైన గ్రావెల్ సబ్‌బేస్ (సబ్‌గ్రేడ్ మీద వేసే గ్రావెల్ పొర) కప్పేయాలి. తెరిచి వదిలిన సున్నపు పొర ఒక్క వానాకాలానికే పైన పొడిబారి, కింద మెత్తబడుతుంది.

7. అంచులు, కాలువలు

తారు వెడల్పు 3.75 మీటర్లే కదా అని అంతమేరకే సున్నం కలిపి ఖర్చు తగ్గించుకోవాలనిపిస్తుంది. మేమూ ఒక ముక్కలో అలాగే చేశాం. మరుసటి ఏప్రిల్‌లో తారు అంచుకు మీటరు లోపలగా, రోడ్డు పొడవునా చీలిక. మధ్యభాగం చెక్కు చెదరలేదు. శుద్ధి చేయని బెర్ము రేగడి ఎండి కుంచించుకుని, పైపొరను తనతో లాగింది. ఒక పక్క తుమ్మచెట్ల వరుస ఉంది, చీలిక ఆ వైపే వెడల్పు. చెట్ల వేళ్లు నేలలో తేమను చివరి చుక్క దాకా పీల్చాయి. అప్పటి నుంచి పూర్తి 7.5 మీటర్లూ కలుపుతున్నాం, డబ్బు సరిపోకపోతే రోడ్డు పొడవు తగ్గించమంటాం.

పక్క కాలువ అడుగు సబ్‌గ్రేడ్ కంటే కిందకు ఉండాలి, నీరు నిలిచే చోట సబ్‌గ్రేడ్ అడుగు ఆ నీటి మట్టానికి 0.6 మీటరు పైన ఉండాలి. వరిచేలకు నీరు మళ్లించే రైతు రోడ్డు కాలువకు అడ్డం కట్ట వేస్తాడు, అది సహజం. అతనికి గొట్టం వేసి ఇస్తే కట్ట వేయడు. తాగునీటి బావి, చేతిపంపు దగ్గర్లో బూడిద పొరను తప్పించండి, అక్కడ సున్నం ఒక్కటే వాడి గ్రావెల్ ఎక్కువ వేయండి. బూడిదలో లేశమాత్రంగా లోహాలుంటాయి. బాగా కట్టుబడిన పొర వాటిని పట్టి ఉంచుతుంది, కానీ బావి పక్కన ఆ పరీక్ష అక్కర్లేదు.

బూడిద తెచ్చుకోవడం గురించి

2021 డిసెంబరు 31 నాటి కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ ప్రకారం థర్మల్ కేంద్రానికి 300 కి.మీ. లోపు రోడ్డు పనులు చేసే సంస్థలు బూడిద వాడాలి. రవాణా ఖర్చు ఎవరిదన్న దానికి అందులో షరతులున్నాయి, బూడిదకు వేరే గిరాకీ ఉంటే థర్మల్ కేంద్రం ధర అడగవచ్చు. కాబట్టి అంచనా వేయక ముందే ఉత్తరం రాసి, జవాబు కాగితం మీద తెచ్చుకోండి. పోల్చి చూడటానికి ఒక లెక్క: కిలోమీటరుకు రెండు పొరలకు సున్నం దాదాపు 140 టన్నులు, బూడిద దాదాపు 420 టన్నులు. అదే 300 మి.మీ. మొరంతో నింపాలంటే గట్టిపడ్డాక 2,250 ఘనమీటర్లు, వదులుగా 2,800 దాకా, అంటే 10 ఘనమీటర్ల టిప్పర్లు 280 ట్రిప్పులు. తీసేసిన రేగడిని పారేయడానికి మరో అన్ని ట్రిప్పులు. మొరం క్వారీ 10 కి.మీ. లోపు ఉంటే మొరమే చవక కావచ్చు. అప్పుడు నిజాయతీగా మొరమే వేయండి.

రోడ్డు అప్పగించాక రెండు సార్లు తిరిగి వెళ్లండి, మొదటి వానాకాలం చివర ఒకసారి, ఆ తర్వాతి మే నెలలో ఒకసారి. వానాకాలం చివర డైనమిక్ కోన్ పెనెట్రోమీటరుతో (బరువుతో కొట్టి నేలలోకి దింపే మొనదేలిన కడ్డీ) ప్రతి 200 మీటర్లకూ బెర్ము దగ్గర గుచ్చి చూసి, దెబ్బకు ఎన్ని మి.మీ. దిగిందో రాయండి. మే నెలలో సన్నటి ఇనుప చువ్వ పట్టుకుని అంచు వెంబడి నడవండి. చువ్వ దూరేంత నెర్రె కనిపిస్తే దాని చెయినేజీ, వెడల్పు, పక్కన చెట్టుందా కాలువుందా అన్నది పుస్తకంలో రాసి, వానకు ముందే సున్నం కలిపిన సన్న మట్టితో కూరి మూసేయించండి.